కార్బిన్ చోటు

మా తమ్ముడు నెస్టర్ క్యాచర్. బేస్‌బాల్ ఆటలో అందరి కళ్ళూ బంతి విసిరేవాడి మీదా, బ్యాటు పట్టినవాడి మీదా ఉంటాయి. బ్యాటు వెనకాల మొహానికి ఇనప జాలీ తగిలించుకుని, గొంతుకూర్చుని, ఆటంతా దెబ్బలు కాచుకునేవాడు మావాడు. హైస్కూలు ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి వాడికి రెండే రెండు కాలేజీలు మిగిలాయి.

ఒకటి మా రాబ్స్‌టౌన్‌కి దగ్గర్లోనే ఉన్న రెండేళ్ళ కాలేజీ. అక్కడి ముసలి కోచ్ ఒలివారెస్ ఓ ఆదివారం మా ఇంటికి వచ్చి, అమ్మ చేసిన తమాలేలు కడుపునిండా తిన్నాడు.

"మొదటేడు నువ్వు ఆడవు బాబూ. నా దగ్గర నీకంటే మంచోడు ఉన్నాడు. రెండో ఏడు ఆడతావ్, అది కూడా బ్యాటింగ్ బాగుపడితేనే" అని చెప్పి వెళ్ళాడు.

నాన్న తలుపు వేసి, "తిండి తిన్నాడు, పిల్లాణ్ణి తీసిపారేశాడు, పోయాడు. ఏం మనిషే వీడు!" అన్నాడు.

రెండోది డల్లాస్ దాటాక ఉన్న హార్లన్ క్రీక్ కాలేజీ. నాలుగేళ్ళ చదువు, టీవీలో ఆటలు. అక్కడి కోచ్ విట్‌కమ్ ఫోన్ చేసి, "నా జట్టుకి కావలసింది నువ్వేనయ్యా" అన్నాడు. ఆ మాట నాన్న రిఫైనరీలో చెప్పని మనిషి లేడు.

సెప్టెంబరులో కాలేజీ చూడ్డానికి రమ్మన్నారు. రిఫైనరీలో యంత్రాలు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని ఉండి నాన్నకు సెలవు దొరకలేదు. నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ మార్చుకుని, నా కారులో వాణ్ణి తీసుకెళ్ళాను.

విట్‌కమ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. నాకు కుర్చీ తనే లాగి వేశాడు. ఆ వెంటనే, "సాయంత్రం ఇక్కణ్ణించి కదిలేలోపు అవునో కాదో చెప్పాలి నెస్టర్. రేపు హ్యూస్టన్ నుంచి ఇంకో క్యాచర్ వస్తున్నాడు. ముందు ఎవరు అవునంటే చోటు వాళ్ళది" అన్నాడు. నెస్టర్ తల ఊపాడు.

కాలేజీ చూపించడానికి కార్బిన్ అనే కుర్రాణ్ణి మాకు జతచేశారు. రెండో ఏడు చదువుతున్నాడు, వాడూ క్యాచరే. భోజనం దాకా భవనాలు చూపించాడు, జోకులు వేశాడు. పళ్ళేలు తెచ్చుకుని కూర్చున్నాక మాత్రం గొంతు తగ్గించాడు.

"ఇక్కడికి రాకు."

"ఏం?" అన్నాడు నెస్టర్.

"పోయినేడు నాతో కలిపి నలుగురం క్యాచర్లం వచ్చాం. నా జట్టుకి కావలసింది నువ్వేనయ్యా అని నలుగురికీ చెప్పాడు. ముగ్గురు వెళ్ళిపోయారు. వెళ్ళలేదులే, పంపించేశాడు."

నాకు ఒళ్ళు మండింది. "మావాడు వస్తే నీ చోటు ఏమవుతుంది?" అని అడిగేశాను.

"పోద్ది" అన్నాడు కార్బిన్ తడుముకోకుండా. "అందుకే బెదరగొడుతున్నా అనుకుంటున్నావు కదక్కా?"

"అవును."

"నీ చోట్లో ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ణి. నా చోటు కోసం చెప్తున్న మాట నిజమే. వాళ్ళు ముగ్గురూ పోయిన మాటా నిజమే. ఒక్కటి చెయ్యండి, ఇది కోచ్ చెవిన పడనివ్వద్దు. స్కాలర్‌షిప్ తీసేస్తే నా చదువు అక్కడితో సరి."

నెస్టర్ ఇక తినలేదు. కార్బిన్ నీళ్ళకి లేచినప్పుడు, "అబద్ధమేమోరా. స్వార్థం ఉందని వాడే ఒప్పుకున్నాడుగా" అన్నాను.

మధ్యాహ్నం ప్రాక్టీసు. విట్‌కమ్ మా పక్కనే కంచె దగ్గర నిలబడి కొత్త జిమ్ము గురించి చెబుతున్నాడు. కార్బిన్ బ్యాటు వెనక కూర్చున్నాడు. బంతి బ్యాటు అంచుకి తగిలి, దారి మళ్ళి నేరుగా వాడి కుడిచేతి మీద పడింది. వాడు రెండు మోకాళ్ళ మీదా కూలబడ్డాడు. వేలు పక్కకి తిరిగి ఉండటం నాకు అక్కణ్ణించే కనిపించింది. అప్రయత్నంగా ముందుకు కదిలాను. నెస్టర్ రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు.

విట్‌కమ్ తల కూడా తిప్పలేదు. ఆట ఆగిందని గ్రహించి, "ఇంకొకణ్ణి కూర్చోబెట్టండి!" అని అరిచి, "వంటవాళ్ళని కూడా మార్చామమ్మా, ఇప్పుడు భోజనం బ్రహ్మాండం" అని నాతో కొనసాగించాడు.

సాయంత్రం ఆయన ఆఫీసులో కూర్చున్నాం. "మరి, ఏమంటావు?" అన్నాడు.

నెస్టర్ కుర్చీలో ముందుకి జరిగాడు. "సర్, నేనొస్తే కార్బిన్ సంగతేంటి?"



"కార్బినా? వాడు నాకు కొడుకులాంటోడు. ఎక్కడికి పోతాడు?" విట్‌కమ్ నవ్వు పెదాల మీదే ఉంది, కళ్ళు మాత్రం సన్నబడ్డాయి. "ఏం, నీతో ఏమన్నా అన్నాడా?"

నేను నోరు విప్పితే ఏది బయటపడుతుందోనని నాకే భయం వేసింది.

"లేదు సర్. మీ గురించి బాగా చెప్పాడు" అన్నాడు నెస్టర్. నా తమ్ముడు అంత చల్లగా అబద్ధమాడగలడని నాకు అంతకుముందు తెలియదు. "మధ్యాహ్నం వేలికి దెబ్బ తగిలింది కదా, ఎలా ఉందోనని."

"వేలా?" అన్నాడు విట్‌కమ్. "ఏ వేలు?"

నెస్టర్ నా వంక చూశాడు. "ఓసారి నాన్నతో మాట్లాడి వస్తాం సర్" అని లేచాడు.

వరండాలో నాన్న గొంతు ఫోన్లోంచి బయటికే వినబడుతోంది. "ఇంకా ఆలోచనేంట్రా? అవునను!"

"నాన్నా, ఆయనకి వాడి వేలు విరిగిన సంగతే తెలీదు."

"ఎవడి వేలురా? పిచ్చెక్కిందా నీకు? బెలిందా, నువ్వన్నా చెప్పవే వాడికి!"

నేనూ చెప్పాను. "ఆలోచించుకోరా. ఒలివారెస్ దగ్గరైతే ఏడాదంతా బెంచీ మీద కూర్చోవాలి. కార్బిన్ మాట పట్టుకుని ఇంత పెద్ద..."

"కార్బిన్ మాట కాదక్కా. రేపు ఆ దెబ్బ నాకు తగిలితే?"

వాడు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "నేను రాను సర్. థాంక్స్" అన్నాడు. విట్‌కమ్ చెయ్యి చాపలేదు. మేము గుమ్మం దాటకముందే హ్యూస్టన్ కుర్రాడికి ఫోన్ కలుపుతున్నాడు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ దాకా నాన్న వాడితో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అమ్మకి చెప్పి అందించమనేవాడు.

మరుసటి ఏడు హ్యూస్టన్ కుర్రాడు హార్లన్ క్రీక్‌లో చేరాడు. అక్టోబరులో కార్బిన్‌ని జట్టులోంచి తీసేశారు. స్కాలర్‌షిప్ పోయింది, చదువు మానేసి అబిలీన్‌లో మేనమామ దగ్గర ఇళ్ళ కప్పులు వేసే పనిలో చేరాడు. ఆ సంగతి నెస్టరే ఫోన్లో చెప్పాడు. "వాడు నిజమే చెప్పాడక్కా. చెప్పి వాడికేం ఒరిగింది?" అన్నాడు.

ఒలివారెస్ కాలేజీలో చేరిన మావాడు, ఆయన చెప్పినట్టే మొదటేడు బెంచీ మీదే కూర్చున్నాడు. రెండో ఏడు బ్యాటింగ్ కాస్త మెరుగై సగం ఆటలు ఆడుతున్నాడు. ఆ తర్వాత రమ్మని ఏ నాలుగేళ్ళ కాలేజీ ఇంకా పిలవలేదు.

మొన్న మార్చిలో నాన్న మొదటిసారి వాడి ఆట చూడ్డానికి వచ్చాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో రెండోది పూర్తికాకుండానే అంపైర్‌ని నానా మాటలూ అని, స్టాండ్స్‌లోంచి గెంటించుకున్నాడు. మిగతా ఆటంతా కార్లు నిలిపేచోట, కంచెకి మొహం ఆనించి నిలబడి, నెస్టర్ బంతి పట్టిన ప్రతిసారీ అక్కణ్ణించే అరుస్తూ చూశాడు.