ఇద్వాల్ రాసిన అన్న పేరు

ఇద్వాల్‌కి అన్న మీద అసూయ పుట్టింది పేరు దగ్గరే. తండ్రి గ్విలిమ్ బడిపంతులు. పెద్దకొడుక్కి డవెడ్ అని పెట్టుకున్నాడు. అది వేల్స్‌లో మా నైరుతి మూలన ఒకప్పుడు వెలిగిన రాజ్యం పేరు. రాజులు పోయారు, నేల మూడు జిల్లాలుగా చీలింది, పేరు పద్యాల్లో మిగిలింది. పంతులు పెద్దవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ రాజ్యంలోని ఏడు సీమల పేర్లూ వల్లె వేయించేవాడు. రెండోవాడు పుట్టేసరికి ఆయన యుద్ధంలో ఉన్నాడు. తల్లికి ఏమీ తోచక మంత్రసాని మొగుడి పేరు పెట్టేసింది.

1974లో మూడు జిల్లాల్నీ కలిపి, కొత్త జిల్లాకి డవెడ్ అన్న పాత పేరే పెట్టారు. ఇద్వాల్ అప్పటికి కార్మార్థెన్‌లో జిల్లా బళ్ళ షెడ్డులో పెయింటరు. నేను పక్కన రంగులు కలిపేవాణ్ణి. వ్యాన్లు, రోడ్డు రోలర్లు, మంచు రోజుల్లో ఉప్పు చల్లే లారీలు, ఊరూరా తిరిగే లైబ్రరీ బస్సు, అన్నిటి మీదా అన్న పేరు రాయడం తమ్ముడి వంతయింది.

"మా అన్న మహారాజు. నేను ఆయనగారి బోర్డులు రాసే నౌకరుని," అని పళ్ళు నూరేవాడు.

మొదటి వ్యాను రంగు ఆరకముందే పంతులు ఆదివారం కోటు తొడుక్కుని వచ్చాడు. అక్షరాలు చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"మళ్ళీ బతికిందిరా! ఎంత మంచి పేరు!"

రాసిందెవరని అడగలేదు. బ్రష్షు పట్టుకుని ఇద్వాల్ పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ కసితో తర్వాతి వ్యాను మీద నడిమి అక్షరానికి కాలు పొట్టిగా రాశాడు. మా మేస్త్రీ కంటికి కూడా ఆనలేదు. వారం తిరక్కుండా డవెడ్ గొర్రెల సంత నుంచి తిన్నగా షెడ్డుకొచ్చాడు.

"ఏరా, నా పేరుకి కుంటి కాలు పెట్టావేంటి?"

"మనిషిని బట్టి రాశాలే, అన్నయ్యా."

డవెడ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కూడా ఇద్వాల్‌కి కంటగింపే.

ఇరవై రెండేళ్ళ తర్వాత జిల్లాని మళ్ళీ మూడు ముక్కలు చేశారు. పాత పేరు చెరిపేయమన్నారు. పంతులు అప్పటికే పోయాడు. ఇద్వాల్ ఈల వేసుకుంటూ పనికొచ్చాడు. "పోలీసు కార్ల మీద మాత్రం ఉంచుతారట," అని నేనంటే మొహం మాడ్చుకున్నాడు.

ఆఖరి లారీ దగ్గరికి డవెడ్ వచ్చాడు.

"ఈ తలుపు తుప్పు పట్టింది కదరా. తీసేశాక నాకిప్పించు."

"ఇన్నేళ్ళు ఊళ్ళేలింది చాల్లేదా? ఇంట్లోనూ ఏలాలా?"

ఇద్వాల్ బ్రష్షు ముంచి, అన్న కళ్ళెదుటే పచ్చరంగు పూసేశాడు.

డవెడ్ ఈసారి నవ్వలేదు. "పేరు కోసం కాదురా. అది నీ చేతిరాత," అని వెళ్ళిపోయాడు.

ఇద్వాల్ బ్రష్షు కింద పెట్టాడు. తర్వాత టర్పెంటైన్‌లో గుడ్డ తడిపి తుడవసాగాడు. పచ్చి రంగు ఊడి వచ్చింది గానీ అక్షరాల అంచులు అలుక్కుపోయాయి. మేస్త్రీని అడిగి తలుపు విప్పించాడు. నేను వ్యాను నడిపాను.

అన్న ఇంట్లో లేడు. వదిన నెస్ట్ గొర్రెల కొట్టం చూపించింది. ఇద్వాల్ తలుపుని గోడకి బిగించి, అలుక్కుపోయిన అంచులు సరిదిద్దాడు. వెనక్కి జరిగి చూశాడు. రాత అందంగా ఉంది.

"ఎంత చేసినా పేరు వాడిదే కదా," అని గొణిగి, కింద మూలన, ఇన్నేళ్ళలో మొదటిసారి, సన్నగా తన పేరు రాసుకున్నాడు.

అప్పుడే డవెడ్ కుక్కతో లోపలికొచ్చాడు. తలుపు ముందు వంగి, కళ్ళు చికిలించాడు.

"ఇదేంట్రా, చీమలు రాసినట్టు? కళ్ళజోడు పెట్టుకున్నా కనపడదు. పెద్దగా రాయి."

"రంగు అయిపోయింది," అన్నాడు ఇద్వాల్. డబ్బాలో సగం పైనే ఉంది.

"ఒరేయ్, అబద్ధాలకోరూ!" అని డవెడ్ డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

ఇద్వాల్ నా వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు.