పెళ్లి బీరులో లాంబర్ట్ గోళీలు

ఆగండాగండి, వెళ్లిపోకండి, ఇది వినాల్సిందే! మా వెర్నా అత్తకి యాభై ఎనిమిదో ఏట పెళ్లి కుదిరింది! పెళ్లికొడుకు లాంబర్ట్, చిన్నప్పుడు మా షెబాయ్‌గన్ ఊరు మొత్తానికి గోళీల చాంపియన్. పెళ్లి వచ్చే జూన్‌లో. పెళ్లి బీరు మాత్రం పోయిన జూన్‌లోనే అత్త ఇంట్లో కాచేశాం, చిక్కటి నల్ల బీరు, ఏడాది ఊరితేగానీ దాని రుచి రాదు. దేన్లో ఊరబెట్టాలో తేల్చే పని నాకప్పగించారు. నాకు!

ప్లాస్టిక్ బకెట్ వద్దన్నాను. గాలి మెల్లగా దూరి, ఏడాదికల్లా తడిసిన అట్టపెట్టె రుచొస్తుంది. ఓక్ చెక్క పీపా భలే ముద్దుగా ఉంది, కానీ అంత చిన్న పీపాలో ఏడాదంటే బల్ల నాకినట్టే. స్టీలు డ్రమ్ము భేషుగ్గా ఉంటుంది, అత్తే ఒప్పుకోలేదు.

"లోపలేమవుతోందో కనపడొద్దూ? నా పెళ్లి బీరు నేను రోజూ చూసుకోవాలే!"

సరే, పెద్ద గాజు జాడీ. వెలుగు తగిలి చెడిపోకుండా దానికి అత్త పాత స్వెటర్ తొడుగుదామన్నాను. చూడాలనిపిస్తే అంచు ఎత్తి చూసుకోవచ్చు!

తీరా జాడీలో పోద్దామంటే బీరు తగ్గింది. పులిసిందా అని ఒకరు, చేదు చాలిందా అని ఒకరు, అత్తా, లాంబర్టూ, నేనూ, మేం ముగ్గురమే రుచి చూసీ చూసీ మూడు సీసాలంత లాగించేశాం! జాడీ మెడ దాకా నిండకపోతే పైన మిగిలే గాలికే బీరు పాడైపోతుంది. పెళ్లికి ఏం పోస్తాం?

"గోళీలేస్తే బీరు పైకొస్తుంది," అని నసిగాను. "లాంబర్ట్ మామా, నీ దగ్గర..."

"ఇంకా మామ కాలేదు, జూన్ దాకా ఆగు," అంది అత్త. "అయినా ఆ గోళీల డబ్బాలు నన్నే ముట్టుకోనివ్వడు, నీకిస్తాడా?"

లాంబర్ట్ లేచి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాం. అరగంటకి రెండు కాఫీ డబ్బాలు చంకలో పెట్టుకుని దిగాడు!

"మీ అన్న దగ్గర గెలిచినవి కూడా ఇందులోనే ఉన్నాయి వెర్నా. పుట్టింటికి తిరిగొచ్చాయనుకో."

మీ అన్నంటే మా నాన్నే!

గోళీలన్నీ క్రిములు చచ్చే మందునీళ్లలో ముంచి తీశాం. నేను ఊపులో డబ్బా ఎత్తి కుమ్మరించబోతే అత్త కేకేసింది.

"ఒసే పిచ్చిదానా, అడుగు పగుల్తుంది! జాడీ వంచు!"

వంచి ఒక్కొక్కటే జార్చాం, ఐదొందల పైచిలుకు. ఏది ఎవరి దగ్గర గెలిచాడో లాంబర్ట్ చెప్తూనే ఉన్నాడు, అత్త "అబద్ధం!" అంటూనే ఉంది. తర్వాత గొట్టంతో మెల్లగా బీరు ఎక్కించాం. సరిగ్గా మెడ దాకా వచ్చింది! అత్త లాంబర్ట్‌ని వాటేసుకుని వంటింట్లోనే రెండు చుట్లు తిప్పేసింది.

వెళ్తూ వెళ్తూ ఆయన నా చేతిలో ఒక నీలం గోళీ పెట్టాడు. "డిసెంబర్‌లో ఒక్క చెంచా రుచి చూడు. ఆ చోట్లోకి ఇది జారెయ్. ఒక్కసారే సుమా!"

ఇవాళ డిసెంబర్ ఒకటి. బయట మంచు. అత్త ఇంటి నేలమాళిగలో జాడీ స్వెటర్ వేసుకుని హాయిగా కూర్చుంది. నేను దాని ముందు కూర్చున్నా, గోళీ గుప్పిట్లో. బాలేదని ఇప్పుడే తెలిస్తే, ఏడాది ఊరనక్కర్లేని మామూలు బీరైనా ఇంకోటి కాయడానికి టైముంది. కానీ మూత తీశానో, ఇన్నాళ్లూ ఆపిన గాలిని నేనే లోపలికి పంపినట్టు!

చెప్పండి, మీరైతే మూత తీస్తారా?