మైకు మీద అరచెయ్యి

గిడియన్ నిచ్చెన మీద నిలబడి మైకు హారన్‌ను కరెంటు స్తంభానికి బిగించి కడుతున్నాడు. పంజాగుట్ట చౌరస్తా వైపు ఉన్న దాని మూతిని రెండు చేతులా పట్టి ఎర్రమంజిల్ క్వార్టర్ల వైపు తిప్పాడు. కాసేపు చూసి ఇంకొంచెం తిప్పాడు. అరవై దాటిన మనిషి. ఎండకు కమిలిన మెడ, చెవుల్లోంచి తెల్లవెంట్రుకలు, సరిగా వంగని మోకాళ్ళు. పెళ్ళిళ్ళకూ సభలకూ మైకు పెట్టడం తప్ప మరో పని ఎరగడు.

నిచ్చెన పట్టుకున్న మైకుల దుకాణం యజమాని రాజనర్సయ్య విసుక్కున్నాడు.

"గింత ముద్దుగ కడుతున్నవేందే గిడియన్ అన్నా? నీ బిడ్డ పెండ్లా?"

"జర మంచిగ ఇనబడాలె."

"లీడర్ల ముచ్చట ఎవడింటడే? బిర్యానీ పెడ్తరా లేదా, గదే చూస్తరు."

గిడియన్ తాడు ముడిని ఇంకోసారి బిగించాడు.

ఎదురుగా అద్దాల మేడ. దాని నిండా కంప్యూటర్ కోచింగుల బోర్డులు. అక్కడ ఒకప్పుడు రాతి బంగళా ఉండేది. గిడియన్ తండ్రి దాని తోటమాలి. గిడియన్ బంగళా వెనక పనివాళ్ళుండే అవుట్‌హౌసులోనే పుట్టాడు, సుమిత్రను పెళ్ళాడి అక్కడికే తెచ్చుకున్నాడు. బంగళా కొన్న అచ్యుతరావు, కోర్టు స్టే రాబోతోందని తెలిసి గుడ్ ఫ్రైడే నాడు కూల్చాడు. ఆ మధ్యాహ్నమంతా సిలువ మీద యేసు పలికిన మాటలు వింటూ అవుట్‌హౌసు వాళ్ళందరూ చర్చిలో ఉంటారు. అడ్డుపడేందుకు ఒక్క మనిషి మిగలడు. తిరిగి వచ్చేసరికి దుమ్ము. సుమిత్ర చీకటి పడేదాకా ఆ రాళ్ళలో తన రోలు కోసం వెతికింది. ఆ వానాకాలం ఆమె దాటలేదు.

అదే అచ్యుతరావు ఇప్పుడు ఎమ్మెల్యేగా నిలబడ్డాడు. మిగిలిన పాత బంగళాలను ఏం చేస్తావని అడగడానికి కాలనీ పెద్దలు ఈ సభ పెట్టారు.

"పాత కట్టడాలు మన తల్లిదండ్రులతో సమానం అండీ!" అన్నాడతను, సాయంత్రం సభలో. "ఒక్క రాయి కదిపినా జైల్లో పెట్టే చట్టం తెస్తాను."

చప్పట్లు.

అతనికో అలవాటుంది. మాట మధ్యలో మైకుకు అరచెయ్యి అడ్డంపెట్టి పక్కవాడితో మాట్లాడతాడు. చెయ్యి పెడితే చాలనుకుంటాడు. నాయకులందరూ అలాగే అనుకుంటారు. ఆ చెయ్యి లేవగానే వాల్యూమ్ తగ్గించేది మైకువాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పనిలో నడిచే మర్యాద అది. నిన్న మధురానగర్ సభలోనూ గిడియన్ తగ్గించాడు. తగ్గించి, స్టేజి మెట్ల పక్క నుంచి, పాత బంగళాల గురించి అతను చేతి చాటున అన్న మాటలు విన్నాడు. ఇవాళ తానే వస్తానని రాజనర్సయ్యను అడిగింది అందుకే.

ముందు వరుసలోంచి రిటైరైన పంతులమ్మ కమలకుమారి లేచింది. "మరి కూల్చకూడదని సర్కారు రాసిన లిస్టులోంచి బంగళాలను తీసెయ్యరు కదా బాబూ?"

అచ్యుతరావు అరచెయ్యి మైకును కప్పింది. తన మనిషి కృష్ణమోహన్ వైపు వంగాడు.

గిడియన్ వాల్యూమ్ మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా కృష్ణమోహన్ ఈ ముసలమ్మ గోల? గెలిచాక ఆ లిస్టే ఎత్తేయిస్తా. మళ్ళీ గుడ్ ఫ్రైడే రాకపోదు. నాలుగు బుల్డోజర్లు తోలితే సరి."

కొంచెం బొంగురుగా, కానీ ప్రతి మాటా ఎర్రమంజిల్ దాకా పోయింది. బస్టాపులో ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు ఆగిపోయారు. ఎవడో ఈల వేశాడు. కమలకుమారి చేతిసంచి భుజానికి తగిలించుకుని, "విన్నాం బాబూ" అని నడిచింది. ఆమె వెనక కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

"ఎవడ్రా ఆ మైకువాడు?" అదీ హారన్లలోంచే వచ్చింది.

గిడియన్ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు.

"అవుట్‌హౌసోణ్ణి సార్. గా గుడ్ ఫ్రైడే నాడు చర్చికి పోయినోణ్ణి."

అచ్యుతరావు మైకును వదిలి ఒకడుగు వెనక్కి వేశాడు. గిడియన్ ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు.

రాజనర్సయ్య పరుగున వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "నా కడుపు మీద కొట్టినవ్ గదనే! పో, ఆయన మనుషులు రాకముందే పో. ఇగ ఈ సిటీల నీకు ఎవ్వడూ మైకు పని ఇయ్యడు."

"తెల్సు" అన్నాడు గిడియన్.

యూసుఫ్‌గూడ వైపు పోయే జనంలో కలిసి నడిచాడు. వెనక్కి చూడలేదు.

ఆంప్లిఫయర్ మీద, అతను తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ ఉండిపోయింది, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి, బొటనవేలు ఆనేచోట ఆ ట్యూబు అరిగి, లోపలి ఇనుము తెల్లగా మెరుస్తూ.