ఏడు గంటల మాత్ర

బస్టాండుకు ఎదురుగా ఉన్న ఆ వాచీల షాపులో కూర్చుంటే ఎప్పుడూ రెండు చప్పుళ్లు వినపడతాయి. ఒకటి గోడ మీది పదకొండు గడియారాలది, రెండోది బస్టాండు మైకులో షాపాయన కూతురి గొంతు. ఆయన్ని అందరూ వాచీల మాస్టారంటారు. ఏ బళ్లోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, పేరు మాత్రం అలా అతుక్కుపోయింది. భార్య పోయిన ఈ ఆరేళ్లలో ఆయన ఒంటరిగా భోంచేసిన మధ్యాహ్నాలు కూతురి గొంతు తోడుతోనే గడిచాయి. "మూడో నంబరు నుంచి బస్సు బయలుదేరుచున్నది" అని అమ్మాయి మైకులో అంటే, "మంచిది తల్లీ" అంటూ ఈయన క్యారియరు మూత తీసేవారు.

ఆ గొంతు ఏడాదిగా బొంగురుపోతూ వచ్చింది.

గొంతొక్కటే అయితే జలుబనుకునేవాళ్లు. ఎండ మండిపోతున్నా అమ్మాయి స్వెట్టరు విప్పదు. మెట్లెక్కుతూ సగంలో రెయిలింగు పట్టుకుని ఆగిపోతుంది. పిట్టలా తింటుంది, అయినా జాకెట్లు పట్టడం లేదు. దువ్వెన నిండా జుట్టే. ముగ్గురు డాక్టర్లకు చూపించారు, మూడుసార్లు థైరాయిడ్ పరీక్ష చేయించారు. మూడుసార్లూ నార్మలే. మొదటాయన పొద్దున్నే నడవమన్నాడు. రెండో ఆయన కాగితం చూసి, "మీకేం లేదమ్మా, వెళ్లిరండి" అన్నాడు. మూడో ఆవిడ, "ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా?" అని అడిగి అల్లుడి వంక అదోలా చూసింది.

అల్లుడు బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటికొచ్చేదాకా ఉగ్గబట్టుకుని, గడప దాటగానే మొదలెట్టాడు. "ఏంటి మావయ్యా, నన్ను దొంగను చూసినట్టు చూసింది? గొడవ పడాలంటే నాక్కూడా మాట్లాడే అవకాశం ఇవ్వాలిగా మీ అమ్మాయి."

అమ్మాయి నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటకు ఏ చెంచానో విసిరేది. "వదిలేయండి నాన్నా. ఇంక ఏ డాక్టరూ వద్దు. నాకేం లేదంటున్నారుగా, బద్ధకమే అయ్యుంటుంది" అంది. వచ్చే నెల నుంచి మైకు ఇంకొకరికి ఇచ్చి, తనను లోపల ఫైళ్ల దగ్గర కూర్చోబెడతారట. అది కూడా ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

మైకు పోతుందన్నందుకు కాదు మాస్టారి గుండె కలుక్కుమంది. ఐదేళ్ల వయసులోనే తెల్లారకుండా లేచి తల్లి వెనకాల చీపురు పట్టుకు తిరిగిన పిల్ల, తనకు బద్ధకమని తనే నమ్మేస్తోంది.

ఆ వారమే కుట్టుమిషను ఆవిడ వాచీ తీసుకెళ్లడానికి వచ్చింది. ఆ వాచీ అంతకుముందు మూడుసార్లు వచ్చింది. ఇంట్లో రోజుకు పావుగంట ముందుకు పరిగెడుతుందట. మాస్టారు సరిచేసి రెండ్రోజులు బల్ల మీద ఉంచితే సెకను కూడా తప్పదు. బల్ల మీద బాగుంది కాబట్టి తప్పు మీ చేతిదే అనడం ఆయనకు చేతకాని పని. అలాంటి వాచీలకు ఆయన ఒక అట్ట గీసిస్తారు. ఏ పూట ఎంత తేడా వచ్చింది, ఎక్కడ తీసి పెట్టారు, పక్కన ఏముంది, అన్నీ పద్నాలుగు రోజులు రాయాలి. మూడోసారి తీసుకెళ్లినప్పుడు ఆవిడకూ ఓ అట్ట ఇచ్చారు. ఆవిడ బుద్ధిగా రాసుకొచ్చింది. ప్రతి మధ్యాహ్నం ఒకే మాట: గుండుసూదుల అయస్కాంతం పక్కన. వాచీకి అయస్కాంతం పడదు మరి. మాస్టారు ఆ దోషం తీసేసి, వాచీ పెట్టుకోవడానికి ఓ చెక్క డబ్బా కూడా ఉచితంగా ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంకో అట్ట గీసి కూతురి ముందు పెట్టారు.

"నేనేమన్నా వాచీనా?"

"వాచీవైతే ఈపాటికి విప్పేసి బాగుచేసేవాణ్ని. ఏం తిన్నావు, ఏం తాగావు, ఎప్పుడు నీరసమొచ్చింది, అన్నీ రాయి. రెండే రెండు వారాలు. నా మాట మీద ఒక్క డాక్టరు. ఆ తర్వాత నీ ఇష్టం."

తండ్రి కోసం రాసింది. అక్షరాలు మొదట్లో ముత్యాల్లా, చివర్లో కోడి గీతల్లా.

నాలుగో డాక్టరు డిపో వెనక వీధిలో ఉంది. గ్రంథుల జబ్బులే చూస్తుంది. అమ్మాయి కూర్చోగానే ఏమీ అడక్కుండా లేచి ఫ్యాను ఆపింది. మాస్టారికి అక్కడే సగం ప్రాణం లేచొచ్చింది. చలిగా ఉందని చెప్పకముందే తెలుసుకున్న మొదటి మనిషి ఆవిడ. అట్టను పైనుంచి కిందదాకా చదివింది. ఒక గడి మీద వేలు ఆగింది.

"రోజూ ఉదయం ఏడు గంటలకు జుట్టు మాత్ర అని రాశారు. ఏమిటిది?"

"నాన్న ఇస్తారండి."

మాస్టారు చొక్కా జేబులోంచి సీసా తీశారు. జుట్టు రాలుతోందని ఆయనే మందుల షాపులో అడిగి తెచ్చింది. ఏడు కొట్టగానే ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో నీళ్లు పట్టుకుని కూతురి ముందు నిలబడేవారు. పది నెలల్లో ఒక్కరోజు తప్పలేదు, ఒక్క నిమిషం జరగలేదు.

"మొదటి పరీక్ష కంటే ముందు నుంచేనా?"

"రెండు నెలల ముందు నుంచి."

"పరీక్ష రోజు పొద్దున కూడా ఇచ్చారా?"

"ఇచ్చానండి. ఏమీ తినకూడదన్నారు. మాత్ర తిండి కాదు కదా అని..."

డాక్టరు సీసా తిప్పి చిన్న అక్షరాలు చదివింది. "ఇందులో బయోటిన్ చాలా ఎక్కువుంది. దానివల్ల ప్రమాదమేం లేదు గానీ, రక్తంలో ఉండగా పరీక్ష చేస్తే కొన్ని మిషన్లను మోసం చేస్తుంది. జబ్బున్నా నార్మలని చూపించొచ్చు. అదే జరిగిందని ఇప్పుడే చెప్పలేను. వారం ఆపి, మళ్లీ చేద్దాం." అమ్మాయి వైపు తిరిగింది. "అప్పుడూ నార్మలే వస్తే ఇంకో కారణం వెతుకుతాను. మీకేం లేదని మాత్రం అనను."

అమ్మాయి స్వెట్టరు అంచుతో కళ్లు తుడుచుకుంది.

ఆ వారమంతా ఏడు కొట్టగానే మాస్టారి చేతులు వాటంతటవే అలమారా వైపు వెళ్లేవి. వాటిని వెనక్కి లాక్కుని కిటికీ దగ్గర నిలబడేవారు. ప్రేమగా ఇచ్చిందే పిల్లకు అడ్డం పడిందా అన్న ఆలోచన ఆయన్ని పురుగులా తొలిచింది.

ఎనిమిదో రోజు రక్తమిచ్చారు. మర్నాడు కాగితం వచ్చింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని ఈసారి అనుమానం లేకుండా తేలింది. అమ్మాయి ఆ కాగితాన్ని ఫస్టు క్లాసు మార్కుల లిస్టులా పైకెత్తి పట్టుకుంది.

"జబ్బే నాన్నా! బద్ధకం కాదు, జబ్బే!"

"జబ్బొచ్చిందని ఇంత సంబరపడే మనిషిని నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు అల్లుడు. తర్వాత మావగారి వైపు తిరిగి, "చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మావయ్యా మన సంగతి" అన్నాడు.

"వెతికించింది నేనేగా బాబూ" అన్నారు మాస్టారు.

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "అయస్కాంతం పెట్టింది మీరే. అట్ట గీసిందీ మీరే. చెల్లుకు చెల్లు. కుట్టుమిషను ఆవిడకు చెక్క డబ్బా ఇచ్చారటగా, నాకేమిస్తారు?"

ఏమివ్వాలో ఆయనకు డాక్టరు రాసిన చీటీ చూశాక తోచింది. చిన్న తెల్ల మాత్ర, పరగడుపున, ఒట్టి నీళ్లతో. గంటసేపు కాఫీ కూడా ముట్టకూడదు.

కాఫీ దగ్గర మాస్టారిది చంటిపిల్లాడి తీరు. కళ్లు తెరవగానే చేతిలో గ్లాసుండాలి. అలాంటిది, కూతురు గంటసేపు కాఫీ వాసన చూస్తూ కూర్చోవడమెందుకని, ఆయన ఏడు కొట్టేదాకా పొయ్యి వెలిగించడమే మానేశారు. ఆరింటికి మాత్ర, ఏడింటికి ఇద్దరికీ కాఫీ. ఆ మధ్య గంటలో చేయడానికేమీ లేదు గనక కిటికీ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. తల్లి సంగతులు అమ్మాయి అడిగేది. ఆరేళ్లుగా ఎవరూ అడగని సంగతులు.

నెలన్నర దాటాక ఒక మధ్యాహ్నం క్యారియరు మూత మీద చెయ్యి ఉండగానే మాస్టారు ఆగిపోయారు. మైకు ఇంకా అమ్మాయి దగ్గరే ఉంది. డాక్టరు చీటీ చూశాక పై ఆఫీసరు ఇంకో రెండు నెలలు గడువిచ్చాడు. "మూడో నంబరు నుంచి బస్సు బయలుదేరుచున్నది." చివరి మాట దగ్గర ఇంకా కొంచెం గరగర ఉంది. మొదటి మాట మాత్రం కడిగిన గాజుగ్లాసులా ఉంది.

"మంచిది తల్లీ" అని మాస్టారు మూత తీశారు.