దర్జీ మాస్టారి వీపు బయటపెట్టిన సంగతి

పొద్దున తొమ్మిదింటికల్లా దుకాణం తీసి, మిషన్‌కి నాలుగు చుక్కల నూనె వేసి, ముందు రోజు కత్తిరించిన గుడ్డలు కుట్టడానికి కూర్చోవడం దర్జీ మాస్టారికి అలవాటు. ఆ సోమవారం కూర్చోలేకపోయాడు. వీపు ఎడమ పక్క నుంచి రొమ్ము కిందిదాకా ఇస్త్రీపెట్టె ఆనించినట్టు ఒకటే మంట. మూడో రోజుకి అదే దారిలో, అడ్డపట్టీ వేసి కుట్టినట్టు, పొక్కులు లేచాయి.

నాలుగో రోజు చొక్కా తొడుక్కుంటుంటే పొక్కులు మాట్లాడాయి.

"ఇవాళ బడికి సెలవేనా?" ఏడేళ్ళ పిల్లాడి గొంతు.

"ఏమండీ, మీ వీపు ఏదో అడుగుతోంది," అంది భార్య, కాజాలు కుడుతూ.

"విన్నాలే. బడి ఎప్పుడో మానేశానని చెప్పు."

పక్క వీధిలో ఉండే అక్క వచ్చి, రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కకి అరవై అయిదు, మాస్టారికన్నా అయిదేళ్ళు పెద్ద. పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొడుతూ ముప్ఫై ఏడేళ్ళు ఒకే స్టూలు మీద కూర్చుని రిటైరైన మనిషి.

"సర్పి," అంది డాక్టరమ్మ చూస్తూనే. "షింగిల్స్."

"ఎవడంటించాడో! ఆ గుండీల కొట్టువాడే. ఎప్పుడు చూసినా గోక్కుంటూ ఉంటాడు," అన్నాడు మాస్టారు.

"ఎవరూ అంటించలేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తుంది చూడండి, ఆ వైరస్సే ఇది. పొక్కులు మానినా అది ఒంట్లోంచి పోదు. నరాల్లో దూరి నిద్రపోతుంది. వయసు మీదపడి ఒంట్లో కాపలా సన్నగిల్లాక లేచి, ఆ నరం వెంబడే బయటికొస్తుంది."

"అయితే ఇది ఇంకేదో అయ్యుంటుందండీ. నాకు ఆటలమ్మ రానేలేదు. వచ్చింది మా అక్కకి."

"అది రాకుండా ఇది రాదు."

"రాలేదంటే రాలేదండీ!"

"వచ్చింది!" చొక్కాలోంచి వీపు అరిచింది. "నాలుగే నాలుగు పొక్కులు. బడికి పోనివ్వరు, గోలీలాట పోతుందని చొక్కా విప్పకుండా దాచేశాడు. అక్క దుప్పట్లోనే పడుకున్నాడు. అక్కా, నీ దగ్గరికీ వచ్చాను కదా, గుర్తున్నానా?"

అక్కకి గుర్తులేకపోవడమేంటి! పన్నెండేళ్ళప్పుడు, బళ్ళన్నిటికీ కలిపి పెట్టిన పరుగు పందెం రేపనగా ఒళ్ళంతా పొక్కులు పోశాయి. మైదానాల్లో తిరిగి తెచ్చుకుందని నాన్న తేల్చేశాడు. ఆ రోజుతో పరుగు ఆఖరు.

"నిజమేనట్రా?"

మాస్టారు తల వంచుకున్నాడు. "అమ్మ కొడుతుందని భయమేసిందక్కా. పోనుపోను నేనే మర్చిపోయాను."

"నీ వీపు మర్చిపోలేదు."

డాక్టరమ్మ మాత్రలూ, ఒక పూత మందూ రాసింది. "పొక్కులు ఎండేదాకా గుడ్డ కప్పి ఉంచండి. ఆటలమ్మ రానివాళ్ళకి, గర్భిణులకి, పసిపిల్లలకి దూరంగా ఉండండి. మీ నుంచి వాళ్ళకి ఆటలమ్మ అంటుకోవచ్చు."

"నేను దగ్గరుండొచ్చా?" అంది అక్క.

"మీకు చిన్నప్పుడే వచ్చిందిగా. నిక్షేపంగా ఉండొచ్చు."

"అయితే దగ్గరుండే తిడతాను."

అన్నంత పనీ చేసింది. రెండు వారాలు సాయంత్రం సాయంత్రం వచ్చి కూర్చుని తిట్టింది. ఆమె మర్చిపోయినవి వీపు అందించింది. మాస్టారు వీపుకి పూత మందు రాయించుకుంటూ ఇద్దరి చేతా మాటలు పడ్డాడు. పొక్కులు చెక్కు కట్టేకొద్దీ గొంతు సన్నబడింది. చివరికో సాయంత్రం "నాకు నిద్రొస్తోంది" అని ఊరుకుంది.

అక్క మాస్టారి చొక్కా కిందికి దించింది. తర్వాత అంది, "నాకు పరుగెత్తడానికి ఒక పాంటు కుట్టు. నడుముకి ఎలాస్టిక్ వెయ్యి."

'ఈ వయసులోనా' అనబోయి, పక్కటెముకలు చురుక్కుమంటే మింగేశాడు మాస్టారు.

ఆరు నెలల తర్వాత, అరవై దాటినవాళ్ళకి పరుగు పందెం పెట్టారు. తొమ్మిదిమందిలో అక్క అయిదోది. గీత దాటింది, కానీ ఆగలేదు. ఈల వేసేవాడు ఊది ఊది అలిసిపోయాడు.

"అమ్మా, పందెం అయిపోయింది!"

"మీకు అయిపోయింది నాయనా," అంటూ ఆమె రెండో చుట్టులోకి వెళ్ళిపోయింది. కంచె ఇవతల మాస్టారు, మంచినీళ్ళ సీసా పట్టుకుని, రొప్పుతూ ఆమెకి సమంగా పరుగెత్తడం మొదలుపెట్టాడు.