ఆరని రంగు

అన్నయ్య తన పాత లాప్‌టాప్‌ను చెల్లెలికి ఇచ్చిన రోజున దాని మూతను చూస్తే చెత్తబుట్టకే జాలేసేది. మూల విరిగింది, నడుమ పగులు, కంపెనీ ముద్ర నిండా గీతలు. పనికొస్తే ఉంచుకో, లేకపోతే పారెయ్ అన్నాడు. ఆ మాట అమ్మ వింది, వదిన వింది, గోడలు కూడా విన్నాయి.

చెల్లెలు పని చేసేది కార్లకు సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డులో. చేరినప్పటి నుంచీ ఆమెకు అప్పగించే పని ఒకటే, సొట్టల మీద పుట్టీ పూయడం, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం. దాంతో అక్కడ ఆమె పేరే పుట్టీ అయిపోయింది. స్ప్రే గన్ మాత్రం మేస్త్రి ఆమె చేతికివ్వడు. రంగు కొట్టడానికి నిలకడ కావాలట, ఆడపిల్లకు అది ఉండదట. మరి పొద్దస్తమానం నడుం వంచి రుద్దడానికి కావలసిందేమిటో ఆ మహానుభావుడు చెప్పలేదు. చివరికి ఆమె పోరు పడలేక, ఏదైనా ఒకటి మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేసి చూపించు, బాగుంటే గన్ నీదే అన్నాడు.

పుట్టీ ఆ మూతనే ఎంచుకుంది. తెర నుంచి ఊడదీసి, విరిగిన మూలను కొత్తగా కట్టింది. పగులు పూడ్చింది, ముద్రను కప్పేసింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, గరుకు తగిలిన చోటల్లా మళ్ళీ పూసి మళ్ళీ రుద్దింది. ఆ తర్వాత రంగు పట్టి నిలవడానికి ప్రైమర్, దాని మీద డబ్బా స్ప్రేతో పలచపలచగా ఎర్రరంగు, అన్నిటికీ పైన మెరుపు పూత. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. మూతను మళ్ళీ బిగించి అలమారా మీద పెట్టింది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, గట్టిపడేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పింది.

ఒక రోజు పొద్దున్న చూస్తే అలమారా మీద ఏమీ లేదు.

"అన్నయ్య ఆఫీసుకు పట్టుకెళ్ళాడే. కొత్తదానిలా ఉందని ముచ్చటపడ్డాడు. అన్నయ్యే కదా" అంది అమ్మ.

ఆ 'కదా' వినగానే పుట్టీకి అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నప్పుడు ఆమె బాగుచేసుకున్న సైకిలూ, ఆమె కుట్టుకున్న సంచీ ఆ 'కదా'తోనే అన్నయ్యవైపోయాయి. షెడ్డుకు వెళ్ళాల్సిన మనిషి తిన్నగా అతని ఆఫీసుకు వెళ్ళింది.

అన్నయ్య బల్ల చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. ఇంత బాగా ఎవరు చేశారని వాళ్ళలో ఒకాయన అడుగుతున్నాడు.

"మా ఇంటి దగ్గర షెడ్డులో ఎవరో చేశారండీ. నేనే దగ్గరుండి చేయించాను" అన్నాడు అన్నయ్య.

వెనక నిలబడిన చెల్లెలిని అతను చూడలేదు. ఆమె అతన్ని చూడలేదు, మూతను చూసింది. బిగుతుగా ఉన్న సంచిలో కుక్కి తెచ్చినందుకు మెత్తటి మెరుపు మీద గుడ్డ నేత మొత్తం అచ్చు పడింది. మూలన ఒక బొటనవేలి ముద్ర దిగబడింది. దూరం నుంచి మెచ్చుకునేవాళ్ళకు అవేవీ కనబడవు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ముందుకొచ్చిన ఆమెను చూడగానే, ఏదున్నా ఇంట్లో మాట్లాడుకుందామని అన్నయ్య గొంతు తగ్గించి బతిమాలాడు. నాకిచ్చేశావుగా అని ఆమె గొంతు తగ్గించకుండానే అడిగింది.

"వాడుకోమని ఇచ్చాను. రాసివ్వలేదుగా" అన్నాడు.

"సరే. ఇచ్చింది నువ్వే ఉంచుకో."

అతని కుర్చీలోనే కూర్చుని, జేబులోని స్క్రూడ్రైవర్ తీసింది. తెర చుట్టూ ఉన్న చట్రాన్ని గోటితో లేపింది, మరలు విప్పింది, ఎర్ర మూతను వేరు చేసి చంకలో పెట్టుకుంది. తెర తీగలతో సహా కీబోర్డు మీద వాలిపోయింది. అందరూ చూస్తుండగా అన్నయ్య ముఖం మాడిపోయింది. మూత లేకుండా దీన్నెలా వాడేదని అడిగాడు.

"ఎవరో చేశారన్నావుగా. ఆ ఎవరినో అడుగు."

షెడ్డులో మేస్త్రి మూతను ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూశాడు. పుట్టీ పనికి వంక పెట్టలేమన్నాడు, రంగు మాత్రం పాడైందన్నాడు. ఇంకోసారి ఇంకేదైనా చేసి పట్టుకురమ్మని మూత తిరిగి ఇవ్వబోయాడు.

ఆమె అందుకుంది. అక్కడే ఉప్పుకాగితం తడిపి రుద్దడం మొదలుపెట్టింది. గుడ్డ నేత పోయింది, అన్నయ్య వేలిముద్ర పోయింది, మెరుపంతా ఎర్రటి నీళ్ళయి కారిపోయింది. నునుపు తేలిన మూతను తుడిచి బల్ల మీద పెట్టి చెయ్యి చాచింది.

"గన్ ఇవ్వండి. మీ ముందే కొడతాను."

"ఇప్పుడు కోపంగా ఉన్నావు. కోపంలో చెయ్యి వణుకుతుంది. రేపు చూద్దాం."

"ఇక్కడ చేరిన రోజు నుంచీ కోపంగానే ఉన్నాను మేస్త్రిగారూ. మీరు రంగులు కొట్టిన బండ్లన్నీ ఈ కోపంతోనే రుద్దాను. ఒక్కదాని మీదైనా నా చెయ్యి వణికినట్టు కనిపించిందా?"

చాచిన చెయ్యి అలాగే ఉంది. మేస్త్రి దాన్ని చూశాడు. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న గన్ తీసి ఆమె చేతిలో పెట్టి, బల్ల దగ్గర నుంచి పక్కకు తప్పుకున్నాడు.