గుంట పడిపోనాదండి

భీమవరంలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ బతికేదాన్ని, నాకు విశాఖపట్నంలో ఫ్లాట్ ఎందుకు చెప్పండి? మా తమ్ముడు కార్తీక్ అక్కడ స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు. "మల్కాపురంలో చవగ్గా వస్తోంది, కొనుక్కో అక్కా. చూసుకోవడానికి మనిషిని పెడదాం" అన్నాడు. కొన్నాను. ఆ మనిషే అప్పలసూరి.

ఊళ్లో లేని యజమానుల ఫ్లాట్లు చూసుకోవడమే అతని పని. మొదట్లోనే నన్నడక్కుండా వీధి తలుపుకి చిలకపచ్చ రంగు వేయించి, ఫోటో పంపించాడు. ఒళ్లు మండిపోయింది. "నన్నడక్కుండా గోడకి మేకు కూడా కొట్టొద్దు" అని కేకలేశాను. ఇక చూసుకోండి, ఆ మాటని వేదంలా పట్టుకున్నాడు మహానుభావుడు.

నేను క్లాసులో ఉండగానే ఫోను మోగుతుంది. "మేడం, మెట్ల కాడ బల్బు పోనాదండి. ఏ కంపెనీది ఎయ్యమంటారు?" స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా మూత తీయగానే మళ్లీ మోగుతుంది. "మేడం, టాంకు మీద కాకి గూడెట్టిందండి. ఏటి సెయ్యమంటారు?" కాకినే అడగండి అన్నాను. కాసేపాగి మళ్లీ చేసి, "అడిగితే ఎగిరిపోనాదండి" అన్నాడు. అది వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంత విసుగునీ భరించడానికి కారణం ఒక్కటే, అద్దెకున్న రాణి. భర్త పోర్టులో క్రేను నడుపుతాడు. ఒక్కతే కూతురు, ధనశ్రీ. ఇల్లు అద్దంలా పెట్టుకుంటుంది, ఒకరితో మాట పడదు. అలాంటివాళ్లు మళ్లీ దొరకరని కార్తీక్ చెబుతూనే ఉంటాడు. వాళ్లు ఖాళీ చేస్తామంటే నేనేం కావాలన్నదే నా దిగులు. బాత్రూం టైల్స్ జారుతున్నాయి, మార్పించమని ఆ మధ్య రాణి అప్పలసూరితో కబురు పెట్టింది. సెలవుల్లో చూద్దాం అన్నాను.

ఆ రోజు ఎనిమిదో తరగతి వాళ్లు గోల గోలగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఫోను.

"మేడం, బాత్రూంలో గుంట పడిపోనాదండి!"

"పెద్దదా, చిన్నదా?"

"సిన్న గుంటేనండి. ఏటి సెయ్యమంటారు?"

నా సహనం చచ్చిపోయింది. "ఏం చేస్తారండీ? ఇంత సిమెంటు పోసి పూడ్చేయండి! దీనికి కూడా నాకు ఫోనేనా?"

ఫోను పెట్టేశాడు.

తరవాత వారమంతా అతని దగ్గర్నుంచి ఫోనే లేదు. హమ్మయ్య, ఇన్నాళ్లకి దారిలో పడ్డాడు అనుకున్నాను. అప్పుడు కార్తీక్ చేశాడు. "అక్కా, రాణీ వాళ్లు ఖాళీ చేస్తున్నారు. అసలు అప్పలసూరితో ఏమన్నావ్?"

చెప్పాను. వాడు తల పట్టుకున్నట్టున్నాడు. "అక్కా, ఇక్కడ గుంట అంటే గొయ్యి కాదే. ఆడపిల్ల. ధనశ్రీ బాత్రూంలో జారి పడింది. చెయ్యి విరిగింది. అతను ఆస్పత్రి నుంచే నీకు ఫోన్ చేశాడట, నీ మాట స్పీకర్లో రాణి కూడా విందట."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే బయల్దేరాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గుంట మాట వినగానే రాణి ఫక్కున నవ్వేస్తుంది, ఉండిపోతుంది అనుకున్నాను.

చిలకపచ్చ తలుపు బార్లా తీసి ఉంది. హాల్లో అట్టపెట్టెలు కట్టేసి ఉన్నాయి. చేతికి కట్టుతో ఉన్న పిల్ల నన్ను చూడగానే తల్లి వెనక్కి వెళ్లిపోయింది. నా ప్రాణం చివుక్కుమంది. నా వెంట వచ్చిన అప్పలసూరి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. మా గోదావరి వైపు గుంట అంటే గొయ్యేనని, నేలలో గుంట పడిందనుకున్నానని, లేకపోతే అంత మాట అంటానా అని. రాణి శ్రద్ధగానే వింది. నవ్వలేదు.

"సర్లెండి మేడం, గొయ్యే అనుకుందారి. ఆ బాత్రూంలో తానాలు సేసేది మేమే కదా? గొయ్యి పడిందంటే, అందులో ఎవులైనా కాలెట్టి పడిపోనారా అని ఒక్క ముక్కైనా అడిగినారేటి?"

రాణి ఇంకో పెట్టెకి తాడు బిగించడానికి వంగింది.

మెట్లు దిగుతుంటే అప్పలసూరి మెల్లగా దగ్గరికొచ్చాడు. "మేడం, కొత్తోలు వచ్చే లోపల టైల్స్ మార్పించేత్తానండి. ఏ రంగు ఎయ్యమంటారు?"

తిట్టడానికి కూడా ఓపిక లేదు.

"జారనివి" అన్నాను.